ఎబట్ కొండ కింది రాజ్యం

హిమాలయాలు ఎక్కివచ్చినవాళ్ళు ఉన్నారు, ఆఫ్రికా అడవుల్లో తిరిగివచ్చినవాళ్ళు ఉన్నారు. ఈ నెల నేను మీకు చెప్పబోయే దేశం మటుకు ఏ పటంలోనూ లేదు. అక్కడికి వెళ్ళటానికి రైలూ అక్కర్లేదు, ఓడా అక్కర్లేదు. ఒక కంప్యూటరూ, ఆరేడు గంటల తీరికా ఉంటే చాలు. అయినా అది చిన్న ప్రయాణం కాదు. ఆ దేశంలో నేను ఒక పెద్ద తప్పు చేశాను. ఆ సంగతి కూడా మీకు చెపుతాను. దాచినా లాభం లేదు, ఎందుకంటే ఆ దేశానికి అది జ్ఞాపకం ఉన్నది.

ఆ దేశం "అండర్‌టేల్" అనే వీడియో ఆటలో ఉన్నది. ఈ ఆటను తయారుచేసినవాడు టోబీ ఫాక్స్ అనే అమెరికను యువకుడు. కథ రాసిందీ, సంగీతం కట్టిందీ అతనే. బొమ్మలు వెయ్యటంలో టెమ్మీ చాంగ్ అనే చిత్రకారిణి ముఖ్యంగా సాయపడింది. ఆట పూర్తి చెయ్యటానికి 5,000 డాలర్లు కావాలని అతను 2013లో ప్రజలను అడిగితే 51,124 డాలర్లు వచ్చాయి. 2015 సెప్టెంబరు 15న ఆట వెలువడింది.

బయలుదేరేముందు మీరు ఒక సంగతి తెలుసుకోవాలి. కథలో మీరే ఒక పాత్ర అయి, ఏం చెయ్యాలో మీరే నిర్ణయించుకునే ఆటలు కొన్ని ఉన్నాయి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆటను వెలువరించారు. దాన్ని కాగితాలూ, పెన్సిళ్ళూ, పాచికలూ పెట్టుకుని బల్ల చుట్టూ కూచుని ఆడేవారు. అందులో ప్రతి పాత్రకూ ప్రాణబలం ఇంత అని లెక్క ఉంటుంది. రాక్షసులను జయించినా, నిధులు సంపాదించినా అనుభవం అంకెలు చేరతాయి. అవి పోగుపడితే పాత్ర ఒక మెట్టు పైకి వెళుతుంది. తరవాత ఈ లెక్కలు చేసే పని కంప్యూటర్లకు అప్పగించారు. 1986లో జపానులో వచ్చిన "డ్రాగన్ క్వెస్ట్" వంటి ఆటలు ఆడి పెరిగినవాళ్ళకు ఒకటే అలవాటు: రాక్షసుడు కనిపించాడా, కొట్టు, అంకెలు పోగు చెయ్యి, మెట్టు ఎక్కు! ఆ రాక్షసుడికి ఇల్లూ వాకిలీ ఉన్నదా, ఇంటి దగ్గర ఎవరైనా ఎదురుచూస్తున్నారా అని ఆలోచించటం అరుదు. నేనూ ఆ అలవాటుతోనే వెళ్ళాను.

ఇక బయలుదేరుదాం.

పూర్వం భూమి మీద మనుషులూ, రాక్షసులూ కలిసి ఉండేవారట. ఒకనాడు రెండు జాతులకూ యుద్ధం వచ్చి, మనుషులు గెలిచారు. ఏడుగురు మంత్రవేత్తలు కలిసి రాక్షసులందరినీ భూమి కింద ఉంచి, పైకి రాకుండా ఒక మాయగోడ కల్పించారు. ఎంతోకాలం గడిచింది. మనిషిబిడ్డ ఒకరు ఎబట్ అనే కొండ ఎక్కి, బిలంలోకి జారిపడ్డారు. ఆ బిడ్డ మీరే.

కింద బంగారురంగు పూలు పరుపులాగా ఉండబట్టి మీరు బతుకుతారు. నాలుగడుగులు వేసేసరికి ఒక పువ్వు నవ్వుమొహంతో మిమ్మల్ని పలకరిస్తుంది. దాని పేరు ఫ్లవీ. అది తియ్యగా మాట్లాడుతూ తెల్లటి గింజలు మీ మీదికి విసిరి, అవి స్నేహానికి గుర్తు, పట్టుకోమంటుంది. పట్టుకున్నారా, ప్రాణం పోయినంత పని అవుతుంది! ఈ లోకంలో చంపటమో, చావటమో తప్ప మూడో దారి లేదని అది మీకు మొదటి పాఠం చెపుతుంది.

అంతలో ఒక నిప్పుముద్ద ఎగిరివచ్చి ఆ పువ్వును తరిమేస్తుంది. ఆ నిప్పును వేసినది టోరియెల్ అనే ఆమె. మేకమొహమూ, వేలాడే చెవులూ, ఊదారంగు దుస్తులూ గల పెద్ద మనిషి. మనిషి అంటున్నాను గాని ఆమె కూడా రాక్షసే. దారిలో నేలంతా ముళ్ళు లేచి ఉంటే, ఆమె మీ చెయ్యి పట్టుకుని, ఒక్క ముల్లయినా గుచ్చుకోకుండా అవతలికి దాటిస్తుంది. మీకు పోట్లాట నేర్పటానికి ఒక గుడ్డబొమ్మను చూపించి, "దానితో కాసేపు కబుర్లు చెప్పు," అంటుంది. నాకు నవ్వు వచ్చింది. పోట్లాటలో కబుర్లేమిటి?

ఇక్కడ పోట్లాట ఎలా జరుగుతుందో చెపుతాను. తెర నల్లబడుతుంది. మీ ప్రాణం చిన్న ఎర్రని గుండె ఆకారంలో కనిపిస్తుంది. దాని బలం 20. కింద నాలుగు మీటలు: కొట్టటం, మరేదైనా చెయ్యటం, సంచీలో వస్తువు తియ్యటం, దయ చూపటం. కొట్టదలిస్తే ఒక గీత తెరకు అడ్డంగా పరిగెత్తుతుంది. అది సరిగా నడిమికి వచ్చినప్పుడు మీట నొక్కితే దెబ్బ గట్టిగా తగులుతుంది. తరవాత ఎదటివాడి వంతు. మీ గుండె ఒక పెట్టెలో ఉంటుంది. ఎదటివాడు విసిరేవాటికి అందకుండా దాన్ని అటూ ఇటూ జరపాలి.

రెండో మీటలో తమాషా ఉన్నది. ఎదటివాణ్ణి బట్టి అందులో పనులు మారతాయి. పలకరించవచ్చు, మెచ్చుకోవచ్చు, ధైర్యం చెప్పవచ్చు. ఒకచోట దారికి అడ్డంగా ఒక దయ్యం ఆకుల మీద పడుకుని, నిద్ర నటిస్తూ ఉంటుంది. దాని ఆయుధం ఏమిటనుకున్నారు? దాని కన్నీళ్ళే! ఆ కన్నీళ్ళు తప్పించుకుంటూ దాన్ని నాలుగైదుసార్లు ఊరడిస్తే, అది సిగ్గుపడి దారి ఇస్తుంది. ఎవరికైనా కోపం తీరితే వారి పేరు పసుపుపచ్చగా మారుతుంది. అప్పుడు దయ చూపి వదిలెయ్యవచ్చు.

కాని ఒకటి గమనించండి. మీరు కొట్టకపోయినంత మాత్రాన ఎదటివాడు ఊరుకోడు. అతని మనసు మారేదాకా మీరు దెబ్బలు తప్పించుకుంటూ ఉండవలిసిందే. ఎవరినీ చంపనివాడికి అనుభవం అంకెలు చేరవు, మెట్టు పెరగదు, ప్రాణబలం చివరిదాకా 20 దగ్గరే ఉంటుంది. అందుచేత ఈ దేశంలో కొట్టటం సులువు, కొట్టకుండా ఉండటం కష్టం.

టోరియెల్ ఇల్లు చాలా బాగుంటుంది. మీకోసం ఒక గది సిద్ధం చేస్తుంది. మీరు నిద్రపోయి లేచేసరికి దాల్చినచెక్క వేసి చేసిన పిండివంట పక్కన పెట్టి ఉంటుంది. ఆమె పొయ్యిమంట దగ్గర కుర్చీలో కూచుని నత్తలను గురించిన పుస్తకం చదువుకుంటూ ఉంటుంది. అక్కడే ఉండిపోవచ్చు. కాని ఉండిపోతే ప్రయాణం ఎలా సాగుతుంది? మీరు బయటికి దారి అడుగుతారు. ఆమె మొహం మారిపోతుంది. ఇదివరకు పడ్డ పిల్లలందరూ ఇలాగే వెళ్ళి, రాజు ఆజ్గోర్ చేతిలో చచ్చిపోయారని చెపుతుంది. నేలమాళిగలో ఉన్న తలుపు దగ్గరికి పోయి, దాన్ని ధ్వంసం చేస్తానంటుంది. పోదలిస్తే ముందు తనను గెలిచి, బలం రుజువు చెయ్యమంటుంది.

నేను ఆడుతూ ఉంటే మా మేనకోడలూ, దాని తమ్ముడూ నా పక్కనే కూచున్నారు. మేనకోడలు ఈ దేశం ఇదివరకే చూసివచ్చింది. ముందేమీ చెప్పవద్దని నేనే అన్నాను.

టోరియెల్‌తో మాట్లాడి చూశాను. లాభం లేకపోయింది.

"ఇప్పుడేం చేస్తావు, మామయ్యా?" అన్నది మా మేనకోడలు.

"కొద్దికొద్దిగా కొడతాను. బలం తగ్గాక దయ చూపి వదిలేస్తాను. ఏ ఆటలోనైనా ఇంతేగా!" అన్నాను.

ఆ పిల్ల ఏమీ అనలేదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

నేను జాగ్రత్తగానే కొట్టాను. కాని ఆమె బలం బాగా తగ్గాక వేసిన దెబ్బ అంతకు ముందు దెబ్బలకన్న ఎన్నో రెట్లు ఎక్కువగా తగిలింది. ఆమె మోకాళ్ళ మీద కూలిపోయింది. ఆ స్థితిలో కూడా నాకు జాగ్రత్తలు చెప్పింది. తరవాత దుమ్ము అయిపోయింది. ఆ దేశంలో రాక్షసులు చచ్చిపోతే మిగిలేది పిడికెడు దుమ్మే.

నాకు నోట మాట రాలేదు. చప్పున ఆట ఆపేశాను. ఆ దేశంలో అక్కడక్కడా పసుపుపచ్చని నక్షత్రాలు మెరుస్తూ ఉంటాయి. వాటిని తాకితే అంతవరకూ సాగిన ప్రయాణం పదిలమవుతుంది. తరవాత ఏదైనా పొరపాటు జరిగితే మళ్ళీ అక్కడినుంచి బయలుదేరవచ్చు. నేను అలాగే వెనక్కి వెళ్ళి, మళ్ళీ టోరియెల్ ఎదట నిలబడ్డాను.

ఈసారి కొట్టలేదు. దయ మీటే నొక్కాను. ఆమె నిప్పులు విసిరింది. మళ్ళీ దయ మీటే. ఎన్నిసార్లు నొక్కానో లెక్కలేదు. నా ప్రాణబలం అడుగంటేసరికి ఒక విచిత్రం జరిగింది. ఆమె విసిరే నిప్పులు నా గుండెకు తగలకుండా అవే పక్కకు తొలగిపోతున్నాయి! అప్పుడు తెలిసింది, ఆమె కావాలని నన్ను చంపదని. చిట్టచివరకు ఆమె చేతులు దించేసింది, నన్ను కౌగిలించుకుని వెళ్ళనిచ్చింది.

నా తప్పు దిద్దుకున్నానని సంతోషిస్తూ తలుపు దాటాను. అవతల ఫ్లవీ నవ్వుతూ కూచుని ఉన్నది. ఏమన్నదో తెలుసా? నేను ఆమెను చంపానని దానికి తెలుసునట! చంపి, పశ్చాత్తాపపడి, వెనక్కి వచ్చానని కూడా తెలుసునట!

నా వీపు చల్లబడింది.

ఇందులో మంత్రం ఏమీ లేదు. ఆట కంప్యూటరులో రెండు చిట్టాలు రాస్తుంది. ఒక దానిలో మీరు నక్షత్రం దగ్గర పదిలపరిచిన ప్రయాణం ఉంటుంది. వెనక్కి వెళ్ళటమంటే ఆ చిట్టాను మళ్ళీ చదవటమే. రెండో చిట్టా వేరే ఉంటుంది. మీరు వెనక్కి వెళ్ళినా అది వెనక్కి వెళ్ళదు. టోరియెల్‌ను చంపిన సంగతి అందులో పడుతుంది. ఫ్లవీ మాట్లాడేముందు ఆట ఆ రెండో చిట్టా చూస్తుంది. అంతే! సంగతి ఇంత చిన్నదే అయినా, దొంగతనం చేసి పట్టుబడ్డట్టయింది నాకు.

అప్పుడు పిల్లలిద్దరికీ వాదం వచ్చింది.

"ఎందుకక్కా అంత బాధ? ఉత్త బొమ్మలేగా! కొట్టకపోతే బలం ఎలా వస్తుంది? బలం లేకపోతే రాజును ఎలా గెలుస్తాం?" అన్నాడు మేనల్లుడు.

"ఉత్త బొమ్మలే అయితే మామయ్య ఎందుకు వెనక్కి వెళ్ళాడురా?" అన్నది వాళ్ళ అక్క.

వాడు నా మొహం కేసి చూశాడు. నేను జవాబు చెప్పలేదు. ఈ దేశానికి వెళ్ళివచ్చినవాళ్ళు ఎక్కడ కలుసుకున్నా ఈ వాదమే జరుగుతుంది.

తలుపు అవతల మంచుఅడవి, దాని చివర స్నోడిన్ అనే ఊరు. ఆ ఊళ్ళో ఒక సత్రం, ఒక దుకాణం, అలంకరించిన చెట్టు ఉంటాయి. గ్రంథాలయం బోర్డు మీద పేరు తప్పుగా రాసి ఉంటుంది. అడవిలో కాపలా కాసేవాళ్ళలో చాలామంది కుక్కలే. ఒక కుక్కను దువ్వితే దాని మెడ పొడుగవుతుంది. దువ్వినకొద్దీ మెడ అలా పెరిగిపోతూనే ఉంటుంది! ఇక్కడ సాన్స్, పపైరస్ అనే అన్నదమ్ములున్నారు. ఇద్దరూ అస్థిపంజరాలే. ఇంగ్లీషు అచ్చు అక్షరాల రకాల పేర్లే వీళ్ళ పేర్లు. వాళ్ళ మాటలు తెర మీద ఆ అక్షరాల్లోనే పడతాయి. పపైరస్‌కు మనిషిని పట్టుకుని రాజభటుడు కావాలని కోరిక. కాని అతని చేతిలో మీరు ఓడిపోతే చంపడు. ఇంటి పక్క కొట్టులో పెడతాడు. ఆ కొట్టు కమ్మీల మధ్య మీరు సులువుగా దూరిపోవచ్చు.

ఆ తరవాత జలపాతాల సీమ. అంతా చీకటి. పైకప్పులో రాళ్ళు నక్షత్రాల్లాగా మెరుస్తాయి. ఆకాశం ఎరగని రాక్షసులు ఆ రాళ్ళనే చూసి కోరికలు కోరుకుంటారు. నీలిరంగు పూలు తాము చివరగా విన్న మాటనే మళ్ళీ పలుకుతాయి. ఎప్పుడో ఎవరో చెప్పుకున్న మాటలు మీరు దారి పొడుగునా వింటూ పోతారు. ఒకచోట వానలో తడుస్తూ ఒక విగ్రహం ఉంటుంది. దానికి గొడుగు పట్టండి. లోపలినుంచి సంగీతం వినిపిస్తుంది.

ఈ సీమలో అన్‌డైన్ అనే భటనాయకి ఈటెలతో మిమ్మల్ని వెంటాడుతుంది. ఒక వంతెన మీద, చేతులు లేని ఒక రాక్షసుల కుర్రవాడు జారి వేలాడుతూ ఉంటాడు. అవతల అన్‌డైన్ నిలబడి ఉంటుంది. మీరు పారిపోవచ్చు, కుర్రవాణ్ణి పైకి లాగవచ్చు. ఎవరూ మిమ్మల్ని ఏమీ చెయ్యమనరు. తరవాత ఆమెతో పోట్లాట వస్తుంది. కొట్టకుండా గెలిచే ఉపాయం ఒకటే, వీలు చిక్కినప్పుడల్లా పరిగెత్తటం. పరిగెత్తి పరిగెత్తి లావా పొంగే వేడిసీమలో పడతారు. ఇనపకవచం తొడుక్కున్న అన్‌డైన్ ఆ వేడికి సొమ్మసిల్లి పడిపోతుంది. పక్కనే మంచినీళ్ళ యంత్రం ఉన్నది. అంతసేపూ మిమ్మల్ని చంపాలని వెంటాడిన ఆమె మొహాన గ్లాసెడు నీళ్ళు పోస్తారా, మీ దారిన మీరు పోతారా?

వేడిసీమ దాటితే భూగర్భంలోని వేడినుంచి విద్యుత్తు తీసే పెద్ద కర్మాగారం, దాని అవతల రాజధాని. అక్కడ రాజుగారి ఇల్లు అచ్చంగా టోరియెల్ ఇంటిలాగే ఉంటుంది. ఆ ఇంట్లో రాక్షసులు ఒకరి తరవాత ఒకరు వచ్చి ఒక పాత కథ చెపుతారు. పూర్వం ఒక మనిషిబిడ్డ పడితే రాజదంపతులు తమ కొడుకుతో సమంగా పెంచారట. ఆ బిడ్డ జబ్బుచేసి చచ్చిపోయింది. రాజకుమారుడు ఆ బిడ్డ ప్రాణశక్తి తనలో చేర్చుకుని, మాయగోడ దాటి, శవాన్ని పుట్టిన ఊరికి మోసుకుపోయాడు. బిడ్డను అతనే చంపాడనుకుని ఊరివాళ్ళు మీదపడ్డారు. అందరినీ చంపగల బలం అతనికి ఉన్నది. అయినా చెయ్యి ఎత్తలేదు. గాయాలతో ఇంటికి తిరిగివచ్చి చచ్చిపోయాడు. ఆ దుఃఖంలో రాజు, ఇకమీద ఎవరు పడినా చంపవలిసిందేనన్నాడు. ఏడు మానవాత్మలు దొరికితే గోడ కూలుతుంది. ఆరు దొరికాయి. ఏడోది మీరు.

బంగారు స్తంభాల మండపంలో సాన్స్ మిమ్మల్ని ఆపుతాడు. తెర మీద మీ పేరు పక్కన ఇంతసేపూ ఉన్న మెట్ల లెక్కకు అసలు అర్థం అక్కడ చెపుతాడు. అనుభవం అనుకున్నది మీరు ఇతరులకు చేసిన హానికి లెక్కట. మెట్టు అనుకున్నది మీలో పెరిగిన హింసకు కొలతట. నలభై ఏళ్ళుగా ఆటల్లో గొప్పకు గుర్తుగా ఉన్న అంకె ఒక్క మాటతో తలకిందులయింది.

అవతల రాజు ఆజ్గోర్ పూలకు నీళ్ళు పోస్తూ ఉంటాడు. చూస్తే అతనికి మీతో పోట్లాడటం ఏమాత్రం ఇష్టం లేదు. అయినా, పోట్లాట మొదలుకాగానే తన త్రిశూలంతో మీ దయ మీటను ముక్కలు చేస్తాడు. తరవాత ఏం జరుగుతుందో నేను చెప్పను. వెళ్ళి చూడండి.

మా మేనల్లుడి సంగతి చెప్పి ముగిస్తాను. ఉత్త బొమ్మలేనని అన్నవాడు ఊరుకుంటాడా? మర్నాడు తనూ బయలుదేరి, ఎదటపడ్డ ప్రతివాణ్ణీ చంపుతూ పోయాడు. కొంతసేపటికి ఎంత వెతికినా ఎవరూ ఎదటపడలేదు. వాడు స్నోడిన్ చేరాడు. చేతులు లేని ఆ కుర్రవాడు తప్ప ఊళ్ళో ఎవరూ లేరు. దుకాణంలో డబ్బు అడిగేవారు లేరు. తన వాళ్ళను ఏమీ చెయ్యవద్దని బతిమాలుకుంటూ ఒక చీటీ ఉన్నది.

"అక్కా, ఊరంతా ఏమయింది?" అని అడిగాడు వాడు.

"నీకు తెలీదూ?" అన్నది వాళ్ళ అక్క.

ఊరి చివర పొగమంచులో పపైరస్ నిలబడి ఉన్నాడు. మావాడు ఎవరెవరిని చంపిందీ అతనికి తెలుసు. అయినా అతను పోట్లాడలేదు, చేతులు చాచి నిలబడ్డాడు. నువ్వు మంచివాడివి కాగలవని నాకు నమ్మకం ఉన్నదన్నాడు. ఒక్క దెబ్బ చాలు. మావాడి వేలు కొట్టే మీట మీద ఉన్నది. చాలాసేపు అలాగే ఉన్నది. తరవాత మెల్లిగా జరిగి దయ మీట నొక్కింది.

"ఏరా, బొమ్మేగా, ఎందుకు వదిలేశావు?" అని అడిగాను.

"ఏమో, మామయ్యా," అన్నాడు వాడు, తెర మీదినుంచి చూపు తిప్పకుండానే.